పేదవాని జాగిలం

శ్రీకాకుళం జిల్లాలో గ్రేహౌండ్ అనే మాట వినగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది కుక్క కాదు, పోలీసు దళం. 1989లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నక్సలైటు ఉద్యమాన్ని ఎదుర్కొనుటకై ఒక ప్రత్యేక దళాన్ని ఏర్పరచి, దానికి గ్రేహౌండ్స్ అని నామకరణం చేసినది. 1960 దశకం చివర సాయుధ పోరాటాన్ని చూచిన పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలలో ఆ పేరు పెద్దలకూ పిల్లలకూ పరిచితమే. ఆ పేరు ధరించిన అసలు ప్రాణిని మాత్రం అక్కడ చూచినవారు అరుదు.

ఆ ప్రాణి ఒక వేటకుక్క. సన్నని నడుము, లోతైన రొమ్ము, పొడవైన కాళ్ళు, కోసుగా సాగిన ముఖం దాని లక్షణాలు. కొద్ది దూరంలో గంటకు 60 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తగలదు. యూరపులో శతాబ్దాలపాటు అది ప్రభువుల సొత్తు. ఆ ప్రభువుల కుక్కను వేరొక జాతితో కలిపి, సామాన్యుడు తన అవసరానికి తగిన జాగిలాన్ని తయారుచేసుకున్నాడు. ఇంగ్లీషులో దానిని లర్చర్ అంటారు. ఆ సంకర జాగిలం కథను ఈ ప్రసంగంలో శ్రోతలకు వినిపించదలచినాము. అది కుక్కల కథగా మొదలై, అడవి ఎవరిదనే ప్రశ్న వద్దకు వచ్చి నిలుచును. ఆ ప్రశ్న ఉద్దానానికి కొత్తది కాదు.

ఉద్దానం అనే పేరు ఉద్యానవనం నుండి వచ్చినదని అక్కడివారి నమ్మకం. పడమట మహేంద్రగిరి, తూర్పున సముద్రం, నడుమ ఇసుక నేలలలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. 2018 అక్టోబరు 11న పలాసకు సమీపంలో తీరాన్ని తాకిన తిత్లీ తుపాను ఆ తోటలను నేలమట్టం చేసినది. తరతరాలు కాపు కాసిన కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో కూలిపోయినవి. ఆ తరువాత రైతులు మళ్ళీ మొక్కలు నాటినారు. అయితే తోటలకు శత్రువు గాలివాన ఒక్కటే కాదు. దుంపలను, లేత మొక్కలను పెకలించే అడవిపందులు ఉన్నవి. జీడిపండ్లకు, పనసపండ్లకు ఆశపడి వచ్చే ఎలుగుబంట్లు ఉన్నవి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాలలో ఒక ఎలుగుబంటి మనుషులమీద పడి ప్రాణహాని కలిగించినది. దానిని పట్టి బంధించిన కొద్దిసేపటికే అదీ మరణించినది. మనిషికి, మృగానికి ఉభయులకూ నష్టం కలిగిన సంఘటన అది.

ఇటువంటి చోట తోటకాపరికి కుక్క తోడుండుట సహజం. చీకటిలో మనిషి చెవికి అందని అలికిడి దాని చెవికి అందును. మన భాషలో కుక్కకు పేర్లకు కొదవ లేదు. వీధిలో తిరిగేది ఊరకుక్క, వేటకు పనికివచ్చేది వేటకుక్క, పొడగరి అయి ఒడ్డూ పొడుగూ కలిగినది జాగిలం. కావ్యభాషలో శునకం, సారమేయం. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటను వర్ణించేటప్పుడు, ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని వేటను చెప్పేటప్పుడు వేటకుక్కలను మరువలేదు. ఇన్ని పేర్లున్నను పల్లెవాని కుక్కకు వంశావళి లేదు. దాని తల్లి ఏది, తండ్రి ఏది, ఏ గుణం కోసం ఎవరు ఎవరితో జతకట్టించినారు అనేది ఎవ్వరూ వ్రాసి ఉంచలేదు. అటువంటి కుక్క ఎట్లు తయారగునో గ్రంథస్థమైన దేశం ఇంగ్లండు. అందుచేత కొంతసేపు అక్కడికి పోయిరావలసి ఉన్నది.

గ్రేహౌండ్ వాసన పట్టి వేటాడదు, కంటితో చూచి వెంటాడును. కుందేలు కంటబడినదా, బాణంవలె దూసుకొనిపోవును. ఆ పరుగులో ఒక్కొక్క అంగకు రెండుమారులు నాలుగు కాళ్ళూ నేలను విడుచును. వెన్నెముక విల్లువలె వంగి సాగును. కాని ఆ వేగం క్షణికం. కొద్ది నిమిషాలకే అలసిపోవును. దేహంలో కొవ్వు తక్కువ గనుక చలికి ఓర్వదు. చర్మం పలుచన గనుక ముళ్ళకంపలలో చీలిపోవును. మృగం పొదలలో దూరి కంటికి మరుగైనచో దానికి దిక్కుతోచదు. మైదానంలో, గుర్రమెక్కిన ప్రభువుల వినోదానికి అది సరిపోయినది. కుందేటి మాంసంతో ఇంటిల్లిపాదికీ ఒకపూట గడుపుకోవలసిన పేదవానికి అది చాలదు.

అందుచేత పేదవాడు దానిని ఇతర జాతులతో కలిపినాడు. గొర్రెలకాపరి కుక్కతో కలిపినప్పుడు పిల్లలకు తెలివి, మాట వినే గుణం వచ్చినవి. టెర్రియర్‌తో కలిపినప్పుడు మొండితనం, పొదలలో దూరే చొరవ వచ్చినవి. పెద్ద మృగాన్ని పట్టవలసినచోట భారీ జాగిలాలతో కలిపినారు. వానిలో ముఖ్యమైనది స్కాట్లండు కొండలలోని డీర్‌హౌండ్. భుజం వద్ద 76 సెంటీమీటర్లకు తగ్గని ఎత్తు, 45 కిలోల పైచిలుకు బరువు కలిగి, గరుకు వెంట్రుకలతో చలిని, వానను లెక్కచేయక కొండదుప్పిని నిలువరించగల కుక్క అది. గ్రేహౌండ్ వేగం, డీర్‌హౌండ్ బలం, ఓర్పు ఒక్క దేహంలో కూడవలెనని పెంపకందారుని కోరిక. ఇట్లు చూపుతో వేటాడే రెండు జాతుల కలయికలో పుట్టినవానిని అక్కడివారు లాంగ్‌డాగ్ అని వేరుగా పేర్కొందురు. వాడుకలో లర్చర్ అనే మాట రెంటికీ చెల్లుచున్నది.

ఈ సంకరంలో ఒక చిక్కు ఉన్నది. రెండు శుద్ధజాతుల తొలి కలయికలో పుట్టిన పిల్లలు ఇంచుమించు ఒక్క పోలికతో, మంచి ఆరోగ్యంతో ఉందురు. ఆ పిల్లలను తిరిగి తమలో తాము జతకట్టించినచో రెండవ తరంలో గుణాలు చెదరిపోవును. ఒక పిల్ల తాతవలె బరువుగా, మరొకటి అవ్వవలె నాజూకుగా, మూడవది రెంటికీ చెడ్డదిగా పుట్టవచ్చును. 1866లో గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలమీద ప్రకటించిన పరిశోధన ఈ రహస్యాన్ని వివరించినది. మెండెల్‌ను చదువని పల్లెటూరి పెంపకందారుడు సైతం అనుభవంచేత దానిని ఎరుగును. అందుకే అతడు తొలి సంకరాన్ని మరల గ్రేహౌండ్‌తో కలిపి ముప్పావుపాలు వేగం, పావుపాలు బలం ఉండునట్లు చూచుకొనెడివాడు. 18వ శతాబ్దంలో ఆర్ఫర్డ్ ప్రభువు దీనికి విపరీతమైన ప్రయోగం చేసినాడు. గ్రేహౌండ్‌కు ధైర్యం చాలదని తలచి దానిని బుల్‌డాగ్‌తో కలిపి, ఆ సంతతిని ఏడు తరాలు తిరిగి గ్రేహౌండ్‌తోనే కలుపుకొంటూ వచ్చినాడని ప్రసిద్ధి. 1776లో స్వాఫమ్‌లో కుందేటి పరుగుపందేల సంఘాన్ని స్థాపించినదీ ఆయనే. ఆయన ప్రభువు గనుక ఆ ప్రయోగం గ్రంథాలకెక్కినది. పేదవాని ప్రయోగాలు ఎక్కడ నమోదైనవి?

అవి నమోదైనది చట్టాలలో, నేరాల జాబితాలలో. లర్చర్ చరిత్రలో మమ్ములను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇదే. 1217లో ఇంగ్లండులో వెలువడిన అరణ్యశాసనం ప్రజలకు కొన్ని హక్కులు తిరిగి ఇచ్చినది. అట్టి ఉదార శాసనంలో కూడ, రాజుగారి అడవి పరిసరాలలో నివసించేవారి కుక్కలకు ముందరికాలి మూడు వేళ్ళు నరుకవలెననే నియమం నిలిచియున్నది. అట్లు నరుకబడని కుక్క కనిపించినచో యజమానికి మూడు షిల్లింగుల జరిమానా. కుక్క ఇంటికి కాపలా కాయవచ్చును గాని, లేడిని వెంటాడరాదు!

1381లో ఆ దేశపు రైతులు తిరుగుబాటు చేసినారు. దాని తరువాత, 1389-90 నాటి పార్లమెంటు ఒక చట్టం చేసినది. సాలుకు 40 షిల్లింగుల భూవసతి లేని గృహస్థుడు గ్రేహౌండ్‌ను గాని, మరే వేటకుక్కను గాని ఉంచుకొనరాదు. ఉంచుకొన్నచో ఏడాది చెర. దానికి చూపిన కారణం గమనింపదగినది. పండుగనాడు సజ్జనులు ప్రార్థనలో ఉండగా చేతిపనివారు, కూలీలు కుక్కలను తీసుకొని వేటకు పోవుచున్నారనీ, వేట మిషతో గుమిగూడి కుట్రలు పన్నుచున్నారనీ ఆ చట్టం ఆరోపించినది. కుందేళ్ళు తగ్గిపోవుననే చింతకన్న, కూలీలు ఒకచోట చేరుదురనే భయం అందులో ఎక్కువగా కనిపించుచున్నది.

1570లో జాన్ కైయస్ అనే వైద్యుడు ఇంగ్లండు కుక్కలను గురించి లాటినులో ఒక గ్రంథం వ్రాసినాడు. యజమాని కనుసన్న గ్రహించి, మొరగక, రాత్రివేళ కుందేళ్ళను పట్టితెచ్చే ఒక కుక్కను అందులో దొంగకుక్క అని పేర్కొన్నాడు. తరువాత 1671లో వచ్చిన వేట చట్టంలో లర్చర్ పేరు స్పష్టంగా ఉన్నది. సాలుకు 100 పౌనుల ఆదాయమిచ్చే సొంతభూమి గాని, దానికి సరితూగే హోదా గాని లేనివారు తుపాకులు, విండ్లు, వలలు, గ్రేహౌండ్‌లు, లర్చర్‌లు ఉంచుకొనరాదు. ప్రభువుల వేటకావలివారు ఇండ్లు సోదాచేసి ఆ కుక్కలను పట్టుకొనిపోవచ్చును. ఈ ఆస్తి నిబంధన 1831 వరకు తొలగిపోలేదు. ఈ పరిస్థితులలో లర్చర్ గుణాలు రూపొందినవి. నిశ్శబ్దంగా ఉండుట, చీకటిలో పనిచేయుట, అపరిచితుని చూచి దూరంగా తొలగిపోవుట, గ్రేహౌండ్‌వలె కనబడకుండుటకు గరుకు వెంట్రుకలు కలిగియుండుట. 1790లో చతుష్పాద జంతువుల చరిత్ర వెలువరించిన థామస్ బ్యూయిక్ దీనిని గ్రేహౌండ్‌కన్న పొట్టిది, బలిష్ఠమైనది, గరుకు వెంట్రుకలది, కపటమెరిగినది అని వర్ణించినాడు. ఆ కపటం కుక్కకు పుట్టుకతో వచ్చినది కాదు. వెలుతురులో పట్టుబడే కుక్కను కావలివాడు కొనిపోగా, మిగిలిన కుక్క పిల్లలను పెట్టినది. ఇట్లు చట్టమే ఒక జాతి గుణాలను ఎంపిక చేసినదనవచ్చును.

ఈ కుక్క ఇంగ్లండు దాటి వలసదారులతో ఓడలెక్కినది. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలో 1803లో బ్రిటిషువారు స్థావరం నెలకొల్పినప్పుడు ఆహారం చాలలేదు. కంగారూ మాంసం వారిని బ్రతికించినది. ఆ కంగారూలను పట్టియిచ్చినవి గ్రేహౌండ్, డీర్‌హౌండ్ వంటి భారీ జాగిలాల సంకరాలు. వానికి కంగారూ కుక్కలని పేరు. మంచి కుక్క చేజిక్కిన ఖైదీ యజమానిపై ఆధారపడవలసిన పని లేకపోయినది. అతడు అడవిలోకి పోయి స్వేచ్ఛగా బ్రతికినాడు. కుక్క ఉన్నవానికి ఆహారం ఉన్నది, ఆహారం ఉన్నవానికి స్వాతంత్ర్యం ఉన్నది. ఇంగ్లండులో ప్రభువులు భయపడినది సరిగా దీనికే.

ఇక మన దేశానికి వచ్చెదము. భారతదేశపు పెద్ద జాగిలాలకు ప్రాచీనకాలంనుండి ఖ్యాతి ఉన్నది. బాబిలోను పాలకుడు తన భారతీయ జాగిలాల పోషణకై నాలుగు పెద్ద గ్రామాలను కేటాయించి, వానికి ఇతర పన్నులు తొలగించినాడని క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ వ్రాసినాడు. ఆడకుక్కను పులితో కలుపగా భారతీయ జాగిలాలు పుట్టినవనే వదంతిని అరిస్టాటిల్ సైతం నమోదుచేసినాడు. అది అసంభవమే అయినను, బలిష్ఠమైన కుక్కను చూడగానే ఇది ఏ రెంటి కలయిక అని అడిగే అలవాటు ఎంత పాతదో దానివలన తెలియుచున్నది.

మన దేశంలో ఒక జాగిలానికి శిలాశాసనం కూడ ఉన్నది. క్రీ.శ. 949-50 నాటి ఆతకూరు శాసనం కర్ణాటకలోని మండ్య ప్రాంతానిది. శిల ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉన్నది. తక్కోలం యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడనే వీరుని రాజు మెచ్చి ఏమి కావలెనని అడుగగా, అతడు గ్రామాలను, ధనాన్ని కోరక కాళి అనే వేటకుక్కను కోరినాడు. ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడి, దానిని చంపి, తానూ చచ్చినది. దాని జ్ఞాపకార్థం ఆ పోరాటాన్ని చెక్కి శిల నిలిపినారు. వెయ్యేండ్లు దాటినా ఒక కుక్క పేరు మనకు తెలియుచున్నదంటే అది రాజప్రసాదం అయినందువలననే. అదే అడవిలో ఎందరో బోయల కుక్కలు పందికోరలకు బలియై ఉండును. వానికి శిలలు లేవు.

గ్రేహౌండ్‌ను భారీ జాగిలంతో కలిపిన ప్రసిద్ధ భారతీయ ఉదాహరణ రాంపూర్ జాగిలం. ఉత్తరప్రదేశంలోని రాంపూర్ సంస్థానాన్ని 1794 నుండి 1840 వరకు పాలించిన నవాబు అహ్మద్ అలీఖాన్ అఫ్‌గానిస్తానపు తాజీ జాగిలాలను, ఇంగ్లీషు గ్రేహౌండ్‌లను తెప్పించి కలిపించినాడని చెప్పుదురు. తాజీ బలమైనదే గాని మాట వినదు. గ్రేహౌండ్ వేగవంతమే గాని ఇక్కడి ఎండకు, కఠిన భూమికి నిలువదు. రెంటి కలయికలో నక్కను వెంటాడి పడగొట్టగల జాగిలం సిద్ధించినది. కర్ణాటకలోని ముధోల్ జాగిలం బేడర్ల వద్ద పెరిగిన కుక్క. ముధోల్ పాలకుడు మాలోజీరావు ఘోర్పడే దానిని పోషించి, ఐదవ జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చిన పిమ్మట దానికి కీర్తి కలిగినది. 2005లో భారత తపాలాశాఖ నాలుగు స్వదేశీ కుక్కలమీద బిళ్ళలు వేసినప్పుడు రాంపూర్, ముధోల్, రాజపాళయం జాగిలాలకు, హిమాలయపు గొర్రెలకాపరి కుక్కకు స్థానం లభించినది. నవాబు చేసిన సంకరం జాతి అయినది. పల్లెవాడు చేసిన సంకరం ఊరకుక్కగానే మిగిలినది. జీవశాస్త్ర రీత్యా ఈ రెంటికీ భేదం లేదు. భేదమంతా దస్తావేజులో ఉన్నది.

మన తీరంలో కూడ ఇట్టి జాగిలం ఒకటి ఉన్నది. కొల్లేరు ప్రాంతంలోను, కోస్తా జిల్లాలలోను పెరిగిన జోనంగి పొట్టివెంట్రుకల, సన్నని దేహపు కుక్క. బాతుల మందలను కాయుటలోను, వేటలోను అది నేర్పరి. సాధారణ కుక్కవలె మొరగక వింతగా కూయుట, నేలను తవ్వుట దాని అలవాట్లు. కొల్లేటి పరిసరాలు చేపలచెరువులుగా మారిన తరువాత, గట్లను తవ్వుచున్నదనే కోపంతో దానిని నిర్మూలించినారని అక్కడివారు చెప్పుదురు. ఏ రాజూ దానిని చక్రవర్తికి కానుకగా పంపలేదు. అందుచేత అది తగ్గిపోవుచుండగా గమనించినవారూ తక్కువే.

ఉత్తరాంధ్రలో వెంటాడే వేట ఎవరిదనుటకు ఒక చిన్న నిదర్శనం చెప్పెదము. 1880లో విశాఖపట్నంలో గవర్నరు ఏజెంటుగా ఉన్న ఇర్విన్ దొరను ఒక చీతా గాయపరచగా, ఆయన మరణించినాడు. ఆ చీతా విజయనగరం రాజావారి పెంపుడు మృగం. చీతాలను మచ్చిక చేసి కృష్ణజింకలమీద ఉసికొల్పుట నాటి రాజుల వినోదం. వేగం అప్పుడు సంస్థానాల సొత్తు. దాని తరువాత రెండేండ్లకే, 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చినది. రిజర్వు అడవులలో నిబంధనలకు విరుద్ధంగా వేటాడుట, ఉచ్చులు పన్నుట, కట్టెలు కొట్టుట నేరాలైనవి. జమీందారీ అడవులలో జమీందారుల ఆంక్షలు వేరుగా ఉండెడివి. అప్పుడు పలాస, టెక్కలి ప్రాంతాలు గంజాం జిల్లాలోనివి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అవి విశాఖపట్నం జిల్లాలో చేరినవి. 1950లో శ్రీకాకుళం జిల్లా అవతరించినది.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగినది. మందస జమీందారీ రైతులు అడిగినది జింకమాంసం కాదు. పొయ్యిలోకి కట్టె, నాగలికి కలప మాత్రమే. అడవికి పోయి కట్టెలు కొట్టి తెచ్చుకొన్నారు. జమీందారు ఫిర్యాదుపై వారిని నిర్బంధించుటకు పోలీసులు రాగా, గుడారి రాజమణిపురంలో ప్రజలు అడ్డుకొన్నారు. 1940 ఏప్రిల్ 1న పోలీసులు జరిపిన కాల్పులలో సాసుమాన గున్నమ్మ, మరికొందరు ప్రాణాలు విడిచినారు. వీరగున్నమ్మగా ఆమెను ఉద్దానం నేటికీ స్మరించుచున్నది.

ఇంగ్లండు కుక్కకూ, మందస కట్టెమోపుకూ సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును. రెండుచోట్లా ప్రశ్న ఒక్కటే. అడవి అంచున బ్రతికేవానికి అడవిలో ఎంత పాలు ఉన్నది? 1389 నాటి చట్టం వేటకుక్క పట్టిన కూలీని కుట్రదారు అన్నది. 1940లో కట్టెమోపు ఎత్తిన రైతు నేరస్థుడైనాడు. పేదవాడు ప్రభుత్వ పత్రాలలోనికి ఎక్కినది నేరస్థుడుగానే. ఆ పత్రాలనుండే మనం నేడు అతని చరిత్రను, అతని కుక్క చరిత్రను వెలికితీసుకొనవలసి వచ్చుచున్నది. 1948లో మద్రాసు శాసనసభ జమీందారీలను రద్దుచేసే చట్టం చేసినది. జమీందారు తొలగినాడు. ఆ తరువాత కూడ అడవి రైతుది కాలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది. దీనిని పాత వేట చట్టాలతో ఒక్క గాట కట్టరాదని మా అభిప్రాయం. 1671 నాటి చట్టం కుందేలును రక్షించినది ప్రభువు చంపుకొనుట కొరకు. 1972 నాటి చట్టం మృగాన్ని రక్షించినది మృగం కొరకే. రాజుకూ, రైతుకూ సమానంగా వేటమీద ఆంక్షలు విధించినది. ఇంగ్లండులోనూ 2004లో కుక్కలతో వేటాడుటను నిషేధించే చట్టం వచ్చినది. ఎలుకలు, కుందేటిజాతిలోని చిన్న రాబిట్లు మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు పొందినవి. చీతాలతో వేటాడిన మన దేశంలో 1952 నాటికి చీతాయే అంతరించినదని ప్రకటించవలసి వచ్చినది గదా! వినోదవేట ఎక్కడికి కొనిపోవునో అది తెలిపినది.

అయినను తోటలో నిలిచిన రైతు బాధ తీరలేదు. పంది రాత్రికి రాత్రి పంట పెకలించినచో అతడేమి చేయవలెను? విద్యుత్తు తీగ చుట్టినచో పందికన్న ముందు పొరుగు రైతు చనిపోవచ్చును. పెద్ద జాగిలాన్ని గ్రేహౌండ్‌తో కలిపి పందులమీదికి వదలుదమని కొందరికి తోచవచ్చును. అది చట్టరీత్యా నేరం. అంతేకాక ఆచరణలోనూ చిక్కే. తొలి సంకరం చక్కగా ఉన్నదని సంతోషించినవాడు రెండవ తరంలో పనికిరాని పిల్లలను వీధిలో విడుచును. పందికోరకు ముందు బలియగునది కుక్కయే. ఎలుగుబంటిని రెచ్చగొట్టిన కుక్క భయపడి యజమాని కాళ్ళవద్దకు పరుగెత్తుకొని వచ్చినచో, ఎలుగుబంటి కూడ దాని వెంటనే వచ్చును. ఇట్టి జాగిలాన్ని నమ్ముకొనుట కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదుటవంటిది.

కుక్క చేయగల పని వేరే ఉన్నది. అలికిడి పసిగట్టి హెచ్చరించుట, ఇంటివారిని మేల్కొల్పుట, ఒంటరి కాపరికి ధైర్యమిచ్చుట. వీనికి విదేశీ రక్తం అక్కరలేదు. ఇక్కడి ఎండకు, ఇసుకకు, ఉప్పుగాలికి తరతరాలుగా అలవాటుపడిన మన కుక్క చాలును. దానికి కావలసినది వేళకు తిండి, పిచ్చికుక్క వ్యాధికి టీకా. మితిమీరిన పందుల విషయంలో పంటకు, ప్రాణానికి ముప్పు కలిగించే మృగాన్ని తొలగించుటకు అనుమతినిచ్చే అధికారాన్ని 1972 చట్టంలోని 11వ విభాగం అటవీ అధికారులకు ఇచ్చియున్నది. ఆ అధికారం కాగితంమీద నిలిచిపోక, నష్టపరిహారం సకాలంలో చేతికి అంది, రైతు మాటకు కార్యాలయంలో విలువ ఉన్నచో, చీకటిలో పనిచేసే కుక్కతో అతనికి పని ఉండదు. న్యాయం పగటివేళ దొరకనినాడే మనిషి రాత్రివేళ కుక్కను వెంటబెట్టుకొని అడవికి పోవును. లర్చర్ ఆరువందల ఏండ్ల చరిత్ర చెప్పుచున్నది ఇదే.

ఉద్దానంలో ఈ రాత్రి కూడ ఏదో ఒక జీడితోటలో ఒక కాపరి, అతని ప్రక్కన ఒక పేరులేని కుక్క మేలుకొని ఉందురు. ఆ కుక్క వంశావళి ఏ గ్రంథంలోనూ లేదు. దాని మీద తపాలాబిళ్ళ వేయలేదు. అది ఏ రంగుది, ఎట్లు మొరగును, దాని తల్లి ఎవరి ఇంటిది అని అడిగినచో కాపరి తప్పక చెప్పగలడు. అడిగి వ్రాసుకొనే పని మనది. కాళికి శిల నిలిపిన దేశంలో అది పెద్ద శ్రమ కాదు.